ప్రమాదాల్లో పోయినవారికి లెక్క ఉంది, మెదడు దెబ్బతిని బతికినవారికి ఏదీ?

రాయ్‌పూర్ నుంచి భిలాయ్ వైపు గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు మీద వెళ్తుంటే టాటిబంధ్ వస్తుంది. ముంబయి–కోల్‌కతా మార్గంలో సాగే ట్రక్కులు, చుట్టుపక్కల పారిశ్రామికవాడలకు వెళ్లే లారీలు, పొద్దున్నే డ్యూటీలకు బయలుదేరే బైకులు ఇక్కడ కలుస్తాయి. ఫ్లైఓవర్ రాకముందు నగరంలో ప్రమాదాలకు పేరుమోసిన కూడళ్లలో ఇదొకటి. ఛత్తీస్‌గఢ్‌కు పెద్ద దిక్కయిన ఎయిమ్స్ ఉన్నదీ ఇక్కడే.

ఇలాంటి రోడ్డు మీద ప్రమాదం జరిగిన మర్నాడు పత్రికల్లో రెండు అంకెలు కనిపిస్తాయి. మృతులు ఎందరు, క్షతగాత్రులు ఎందరు. మొదటి అంకె వెంట పేర్లు, ఊళ్లు, పరిహారం ప్రకటనలు వస్తాయి. రెండో అంకె అక్కడితో ఆగిపోతుంది. చెయ్యి విరిగి ఆరు వారాల్లో పనిలోకి వెళ్లిపోయిన మనిషి ఆ అంకెలోనే ఉంటాడు. ఆరు నెలలు గడిచినా సొంత పిల్లల పేర్లు తడుముకునే మనిషీ అందులోనే ఉంటాడు.

ఈ ఇద్దరినీ వేరు చేసి చూసే లెక్క మన దగ్గర లేదు. తలకు తగిలిన దెబ్బ వల్ల మెదడు దెబ్బతిని ప్రాణాలతో బయటపడేవారు దేశంలో ఎందరు, వారిలో కోలుకున్నవారెందరు, మంచానికో ఇంటికో పరిమితమైనవారెందరు అన్న ప్రశ్నలకు ప్రభుత్వ నివేదికల్లో జవాబు దొరకదు. లెక్కలో లేని మనిషికి పథకంలోనూ చోటు దొరకడం కష్టం. రాయ్‌పూర్ ఆస్పత్రుల పరిస్థితి చూస్తే ఈ సంగతి బాగా అర్థమవుతుంది.

అంకెలు ఏం చెబుతున్నాయి?

కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. 4,43,366 మంది గాయపడ్డారు. మృతుల్లో మూడింట రెండొంతుల మంది 18 నుంచి 45 ఏళ్ల మధ్యవారు. వాహనాలవారీగా చూస్తే 44.5 శాతం మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే.

అదే ఏడాది ఛత్తీస్‌గఢ్‌లో 5,834 మంది చనిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో 8,293, తెలంగాణలో 7,559 మంది. అంకె చిన్నదిగా ఉందని ఛత్తీస్‌గఢ్ పరిస్థితి మెరుగ్గా ఉందనుకుంటే పొరపాటు. ఆ రాష్ట్ర జనాభా దాదాపు 3 కోట్లు. అంటే లక్ష మందికి 19 మరణాలు. తెలంగాణది ఇంచుమించు ఇదే స్థాయి. ఆంధ్రప్రదేశ్ కొంచెం తక్కువ. దేశ సగటు మాత్రం 12 దగ్గరే ఉంది.

ఛత్తీస్‌గఢ్‌లో ఈ రేటు ఎక్కువగా ఉండటానికి స్థానిక కారణాలూ ఉన్నాయి. ఖనిజాలు, ఉక్కు, సిమెంటు మోసే భారీ వాహనాలు పల్లె రోడ్ల మీదుగానే పోతాయి. రాత్రిళ్లు రోడ్డు మీద పడుకునే పశువులు మరో ప్రమాదం. వాటి గురించి రాష్ట్ర హైకోర్టే పలుమార్లు అధికారులను ప్రశ్నించింది. బస్సులు తక్కువ ఉన్నచోట పెళ్లికైనా కూలికైనా జనం సరకు వాహనాల్లోనే వెళ్తారు. 2024 మే 20న కబీర్‌ధామ్ జిల్లాలో తునికాకు కోసి పికప్ వాహనంలో తిరిగొస్తున్న ఆదివాసీల్లో 19 మంది మరణించారు. 2025 మే 11 రాత్రి రాయ్‌పూర్ జిల్లా ఖరోరా ప్రాంతంలో శుభకార్యం నుంచి సరకు వాహనంలో వస్తున్న 13 మంది చనిపోయారు. వారిలో ఎక్కువ మంది మహిళలు, మిగిలినవారు పిల్లలు. సీటూ బెల్టూ లేని వాహనం ఢీకొన్నా, బోల్తాపడినా మనుషులు విసిరేసినట్టు బయట పడతారు. అలా పడినప్పుడు తలకు దెబ్బ తగలకుండా ఉండటం అరుదు.

మెదడు గాయాలకు కారణం రోడ్లు ఒక్కటే కాదు. బెంగళూరు నిమ్హాన్స్‌కు చెందిన ప్రజారోగ్య నిపుణుడు జి.గురురాజ్ 2002లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం దేశంలో ఈ గాయాల్లో 60 శాతం రోడ్డు ప్రమాదాల వల్ల, 20 నుంచి 25 శాతం ఎత్తు నుంచి జారిపడటం వల్ల, 10 శాతం దాడులు, కొట్లాటల వల్ల కలుగుతున్నాయి. మిద్దె మీద నుంచి పడిన పిల్లలు, బాత్రూంలో జారిన వృద్ధులు, కట్టుబడి పనిలో పరంజా మీద నుంచి పడిన కూలీలు, ఇంట్లోనే దెబ్బలు తిన్న మహిళలు కూడా ఈ లెక్కలోకి వస్తారు. బస్తర్‌లో మందుపాతరలు దీనికి అదనం. అక్కడ గాయపడిన జవాన్లను హెలికాప్టర్లలో రాయ్‌పూర్‌కే తెస్తారు. పేలుడు పీడనం పైకి గాయం కనిపించకుండానే మెదడును దెబ్బతీయగలదని ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల తర్వాత ప్రపంచం గుర్తించింది.

10 లక్షల మరణాలు నిజమేనా?

ఏటా 15 నుంచి 20 లక్షల మందికి మెదడు గాయాలవుతాయని, దాదాపు 10 లక్షల మంది మరణిస్తారని గురురాజ్ వ్యాసంలోనే ఓ అంచనా ఉంది. రెండు దశాబ్దాలుగా వైద్య పత్రికల్లో, అవగాహన సదస్సుల్లో ఈ అంకె తిరుగుతూనే ఉంది.

దాన్ని ఇతర గణాంకాల పక్కన పెట్టి చూస్తే పొంతన కుదరదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022లో దేశం మొత్తం మీద అన్ని రకాల ప్రమాద మరణాలు కలిపి 4,30,504. ఇందులో రోడ్డు ప్రమాదాలతోపాటు నీట మునిగినవారు, పాము కాటుకు గురైనవారు, పిడుగుపాటుకు బలైనవారు కూడా ఉన్నారు. హత్యలు ఏటా 30 వేల లోపే. పోలీసు రికార్డులకెక్కని మరణాలు ఎన్నో ఉన్నాయనుకున్నా, ఒక్క మెదడు గాయాలతోనే 10 లక్షల మంది చనిపోతున్నారంటే నమ్మడం కష్టం.

అలాగని సమస్య చిన్నదని కాదు. ఒకనాటి అంచనాను సరిచూసుకోవడానికి వీలైన జాతీయ రిజిస్ట్రీ ఇప్పటికీ లేకపోవడమే అసలు విషయం. రోడ్డు రవాణా శాఖ వార్షిక నివేదిక బాధితులను మృతులు, తీవ్రంగా గాయపడినవారు, స్వల్పంగా గాయపడినవారు అని విడదీస్తుంది. గాయం తలకా, కాలికా అన్నది ఆ పట్టికల్లో కనిపించదు. జారిపడినవారి సంగతి ఆ శాఖ పరిధిలోకే రాదు. ప్రపంచ స్థాయిలోనూ అంచనాల మధ్య తేడా పెద్దదే. 2016లో 2.7 కోట్ల కొత్త కేసులని ఒక అధ్యయనం లెక్కగడితే, ఏటా 6.9 కోట్లని 2018 నాటి మరో అధ్యయనం అంచనా వేసింది. ఎవరిని లెక్కలోకి తీసుకోవాలన్న దాని మీదే తేడా అంతా ఆధారపడి ఉంది.

ఆ దెబ్బ ఎలాంటిది?

పుర్రె లోపల మెదడు మెత్తని జున్నులా ఉంటుంది. వేగంగా వెళ్తున్న తల ఒక్కసారిగా ఆగితే మెదడు ముందుకు వెళ్లి ఎముకకు కొట్టుకుంటుంది, వెనక్కి వచ్చి మళ్లీ కొట్టుకుంటుంది. లోపలి సన్నని నరపు తంతువులు సాగి తెగుతాయి. ఇది మొదటి గాయం. దాన్ని వెనక్కి తిప్పడం ఎవరి తరమూ కాదు.

రెండో గాయం ఆ తర్వాత గంటల్లో జరుగుతుంది. రక్తం గడ్డకట్టి మెదడును నొక్కుతుంది. వాపు వస్తుంది. ఊపిరి సరిగా ఆడక, రక్తపోటు పడిపోయి, బాగున్న కణాలు కూడా చచ్చిపోతాయి. వైద్యం ఆపగలిగేది ఈ రెండో గాయాన్నే.

తీవ్రతను కొలవడానికి ప్రపంచమంతా వాడేది గ్లాస్గో కోమా స్కేల్. గ్లాస్గోకు చెందిన న్యూరోసర్జన్లు గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెనెట్ 1974లో దీన్ని రూపొందించారు. కళ్లు తెరవడం, మాట, కదలిక ఆధారంగా 3 నుంచి 15 వరకు మార్కులు వేస్తారు. 13 నుంచి 15 వస్తే స్వల్పం, 9 నుంచి 12 వస్తే మధ్యస్థం, 8 లేదా అంతకన్నా తక్కువైతే తీవ్రం.

‘స్వల్పం’ అన్న మాట చాలామందిని మోసం చేస్తుంది. ‘పడ్డాక లేచి మాట్లాడాడు, అన్నం తిన్నాడు, పొద్దున లేవలేదు’ అన్న కథ ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది. పుర్రెకు, మెదడు పైపొరకు మధ్య రక్తం నెమ్మదిగా చేరినప్పుడు జరిగేది ఇదే. కొన్ని గంటలు మనిషి బాగున్నట్టే ఉండి, ఒక్కసారిగా స్పృహ కోల్పోతాడు. అందుకే వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మత్తు, మాట తడబాటు కనిపిస్తే ఆలస్యం చేయకుండా స్కానింగ్ సదుపాయం ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లాలంటారు.

ప్రాణాపాయం తప్పినా అందరూ మునుపటిలా అయిపోరు. స్వల్ప గాయంతో ఆస్పత్రికి వచ్చిన పెద్దవారిలో దాదాపు సగం మంది ఆరు నెలల తర్వాత కూడా పూర్వపు ఆరోగ్య స్థితికి చేరుకోలేదని 2022లో లాన్సెట్ న్యూరాలజీ కమిషన్ నివేదిక పేర్కొంది. వృద్ధాప్యంలో మతిమరుపు వ్యాధి వచ్చే ముప్పును పెంచే కారణాల జాబితాలో 2020లో లాన్సెట్ కమిషన్ తల గాయాన్ని కూడా చేర్చింది.

300 కిలోమీటర్ల దూరం

రాయ్‌పూర్ గుండా వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి తెలుగువారికి పరాయిది కాదు. ఉత్తరాఖండ్‌లో మొదలై రాయ్‌పూర్, ధమ్తరి, కాంకేర్, జగదల్‌పూర్, సుక్మా, కోంటా మీదుగా భద్రాచలం, కొత్తగూడెం దాటి విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ముగుస్తుంది. భిలాయ్ ఉక్కు కర్మాగారంలో, రాయ్‌పూర్ రైల్వే కాలనీల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఇది తెలిసిన దారే.

ఈ రోడ్డు మీద, కేశ్‌కాల్ ఘాట్ దిగువన, రాత్రి తొమ్మిదింటికి ఒక యువకుడు బైకు మీద నుంచి పడ్డాడనుకుందాం. హెల్మెట్ లేదు. 108 వస్తుంది. హైదరాబాద్‌లో 2005లో పుట్టి దేశమంతా పాకిన ఆ అంబులెన్స్ వ్యవస్థ ఛత్తీస్‌గఢ్‌లోనూ ఉంది. ముందు దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికి, అక్కడి నుంచి జిల్లా ఆస్పత్రికి, అక్కడ న్యూరోసర్జన్ లేకపోతే రాయ్‌పూర్‌కు. ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో చీటీ. ఒక్కో చీటీకి కొంత ఆలస్యం. జగదల్‌పూర్ నుంచైతే రాయ్‌పూర్ దాదాపు 300 కిలోమీటర్లు. దక్షిణ బస్తర్‌లో కోంటా, బీజాపూర్ వైపు ఉన్నవారికి రాయ్‌పూర్ కన్నా భద్రాచలం, వరంగల్ దగ్గర. అందుకే ఛత్తీస్‌గఢ్ క్షతగాత్రులు తెలుగు రాష్ట్రాల ఆస్పత్రుల్లోనూ తరచూ కనిపిస్తారు.

రాయ్‌పూర్‌లో ప్రభుత్వ రంగంలో ఈ భారాన్ని మోసేవి ప్రధానంగా మూడు ఆస్పత్రులు. 1963లో మొదలైన వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న అంబేడ్కర్ ఆస్పత్రిని జనం ఇప్పటికీ ‘మేకాహారా’ అనే పిలుస్తారు. మెడికల్ కాలేజ్ హాస్పిటల్ రాయ్‌పూర్ అన్న మాటల పొట్టిరూపం అది. రెండోది డీకేఎస్ సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి. 2000లో రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ భవనాన్నే సచివాలయంగా మార్చారు. సచివాలయం నవా రాయ్‌పూర్‌కు తరలిపోయాక, 2018లో మళ్లీ ఆస్పత్రిగా తెరిచారు. మూడోది టాటిబంధ్‌లో 2012లో మొదలైన ఎయిమ్స్. 3 కోట్ల జనాభా ఉన్న రాష్ట్రం తల గాయాలకు ఆశ్రయించేది ఎక్కువగా ఈ ఒక్క నగరాన్నే.

గోల్డెన్ అవర్ అన్న మాట మోటారు వాహనాల చట్టంలోకి 2019 సవరణతో చేరింది. కేశ్‌కాల్ నుంచి రాయ్‌పూర్‌కు ఆ గంటలో చేరడం అసాధ్యం. న్యూరోసర్జన్‌ను ప్రతి బ్లాకుకూ తీసుకెళ్లలేం. కానీ రెండో గాయాన్ని ఆపే పనులు దారిలోనే మొదలుపెట్టొచ్చు. శ్వాసమార్గం మూసుకుపోకుండా చూడటం, ఆక్సిజన్ ఇవ్వడం, రక్తపోటు పడిపోకుండా కాపాడటం అందులో ముఖ్యం. 29 దేశాల్లో 12,737 మంది మీద జరిగి 2019లో వెలువడిన క్రాష్-3 అధ్యయనం మరో సంగతి చెప్పింది. స్వల్ప, మధ్యస్థ తల గాయాలున్నవారికి మూడు గంటల్లోపు ట్రానెక్సామిక్ యాసిడ్ ఇస్తే మరణాలు తగ్గాయి. ఎంత ముందు ఇస్తే అంత మేలు. ప్రసవ సమయంలో రక్తస్రావాన్ని ఆపడానికి కూడా వాడే చవకైన మందు అది.

ఏడు రోజుల పథకం, ఏళ్ల తరబడి గాయం

రోడ్డు ప్రమాద బాధితులకు నగదు రహిత వైద్యం పథకం తేవాలని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. అదే ఏడాది మే నుంచి పథకం అమల్లోకి వచ్చింది. ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల వరకు గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లో చికిత్సకు డబ్బు కట్టనక్కర్లేదు. ముందు డబ్బు కట్టాలన్న షరతుతో గేటు దగ్గరే ప్రాణాలు పోయిన కేసులు చూసిన దేశంలో ఇది చిన్న విషయం కాదు.

అయితే కాలు విరిగిన మనిషికి, మెదడు దెబ్బతిన్న మనిషికి ఏడు రోజులు ఒకటి కాదు. తీవ్ర గాయమైనవారిలో చాలామంది ఏడో రోజుకు ఇంకా వెంటిలేటర్ మీదే ఉంటారు. ఆ తర్వాత ఆయుష్మాన్ భారత్ కార్డు ఆదుకుంటుంది. కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల పరిమితి ఉన్న ఆ బీమా కూడా ప్రధానంగా ఆస్పత్రి మంచం మీద జరిగే చికిత్స చుట్టూ అల్లినదే. సర్జరీకి ప్యాకేజీ ఉంది. గొంతులోని గొట్టంతో డిశ్చార్జి అయిన మనిషికి ఇంట్లో తిండి పెట్టడం, పక్కకు తిప్పడం, మళ్లీ మాటలు నేర్పడం, మరిచిపోయిన పనులు గుర్తుచేయడం నెలల తరబడి సాగే పని. దానికి కావాల్సింది ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు. వీరు రాయ్‌పూర్‌లో దొరికినా కొండగావ్‌లో దొరకడం కష్టం. ప్రతి వారం రానుపోను బండి కిరాయికి డబ్బులుండాలి, వెంట వచ్చే మనిషికి కూలి పోకుండా ఉండాలి. రెండు మూడు సార్లు వచ్చాక చాలా కుటుంబాలు మానేస్తాయి.

ఇంటికొచ్చిన కొత్త మనిషి

చెయ్యీ కాలూ పడిపోతే అందరికీ కనిపిస్తుంది. మెదడు ముందుభాగం దెబ్బతింటే కనిపించేది వేరు. నెమ్మదిగా ఉండే మనిషి చీటికిమాటికి గిన్నెలు విసురుతాడు. బేరం చేయడం తెలిసిన కిరాణా వ్యాపారి చిల్లర లెక్కపెట్టలేడు. డ్రైవరు పగలంతా నిద్రపోతాడు. ఏ పని మీదా ధ్యాస ఉండదు, సిగ్గూ బిడియం పోతాయి, మూర్ఛ వస్తుంది. స్కానింగ్ ‘నార్మల్’ అని ఉంటుంది. ‘నాటకాలాడుతున్నాడు’ అని చుట్టాలు, ‘గాలి సోకింది’ అని ఊరివాళ్లు అంటారు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో బైగాల దగ్గరికి, మన దగ్గర భూతవైద్యుల దగ్గరికి తీసుకెళ్లడమూ కనిపిస్తుంది.

ఈ మనిషిని చూసుకునే బాధ్యత ఎక్కువగా భార్య మీదో తల్లి మీదో పడుతుంది. సంపాదన ఆగిపోయిన ఇంట్లోనే ఆమె తన పని కూడా మానుకోవాల్సి వస్తుంది. ప్రపంచ బ్యాంకు, సేవ్‌లైఫ్ ఫౌండేషన్ 2021లో విడుదల చేసిన అధ్యయనం ఉత్తరప్రదేశ్, బిహార్, తమిళనాడు, మహారాష్ట్రల్లో ప్రమాద బాధిత కుటుంబాలను పలకరించింది. పేద కుటుంబాల్లో 75 శాతానికి పైగా ప్రమాదం తర్వాత ఆదాయం తగ్గిందని చెప్పాయి. 40 శాతం మంది మహిళలు తమ పని తీరు మారిపోయిందన్నారు. అది అన్ని రకాల గాయాలకూ సంబంధించిన సర్వే. మెదడు గాయాలను విడిగా చూస్తే పరిస్థితి ఇంతకన్నా మెరుగ్గా ఉంటుందనుకోవడానికి కారణం లేదు.

సమాజం మీద పడే భారం ఇంటి గడప దగ్గరే ఆగదు. మధ్యలో చదువు మానేసిన పిల్లలు, కోపం అదుపు చేసుకోలేక గొడవల్లో ఇరుక్కున్న యువకులు, మద్యానికి అలవాటుపడినవారు దీని కొసలే. జైళ్లలో ఉన్నవారిలో ఒకప్పుడు తలకు గట్టి దెబ్బ తగిలినవారి శాతం సాధారణ జనాభాలో కన్నా చాలా ఎక్కువని వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి.

చట్టం జాబితాలో లేని వైకల్యం

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల సంఖ్యను 7 నుంచి 21కి పెంచింది. ఆసిడ్ దాడి బాధితులు, సికిల్ సెల్, పార్కిన్సన్స్ రోగులు అందులోకి వచ్చారు. దెబ్బ వల్ల కలిగిన మెదడు గాయం పేరు మాత్రం ఆ జాబితాలో లేదు. కాలు పడిపోతే చలన వైకల్యం కింద, మాట పోతే భాషా వైకల్యం కింద సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, స్వభావం మారిపోయినవారిని ఏదో ఒక గడిలో ఇమిడ్చాలి. 40 శాతం దాటితేనే పింఛను, రిజర్వేషన్ లాంటి ప్రయోజనాలు అందే వ్యవస్థలో ఈ గడి కుదరకపోతే మనిషి బయటే ఉండిపోతాడు. అమెరికాలో బడి పిల్లల ప్రత్యేక విద్యా చట్టం 1990లోనే మెదడు గాయాన్ని విడి వర్గంగా గుర్తించింది.

మన కోర్టులు కొంత ముందుకు వెళ్లాయి. వైకల్యం శాతం ఎంతన్నది కాకుండా, ఆ వైకల్యం ఆ మనిషి సంపాదనను ఎంత దెబ్బతీసిందో చూడాలని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 12 ఏళ్ల వయసులో ప్రమాదానికి గురై మెదడు దెబ్బతిన్న హరియాణా బాలిక కేసులో 2020లో పరిహారాన్ని 62.27 లక్షల రూపాయలకు పెంచింది. ఆమెను జీవితాంతం చూసుకునే మనుషులకయ్యే ఖర్చును కూడా లెక్కగట్టింది. ఇంట్లో ఆడవాళ్లు ఊరికే చేసేస్తారనుకునే పనికి కోర్టు విలువ కట్టిన అరుదైన సందర్భమది. కానీ ప్రమాదం జరిగింది 2007లో. సుప్రీంకోర్టు దాకా వెళ్లి 13 ఏళ్లు ఎదురుచూడగలిగే కుటుంబాలు ఎన్ని? ఢీకొట్టిన వాహనం దొరకకపోతే చట్టం ఇచ్చేది మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు. మిద్దె మీద నుంచి పడ్డవారికి ఆ ట్రైబ్యునల్ కూడా లేదు.

అద్దానికి వేలాడే హెల్మెట్

నివారణ సంగతి వచ్చేసరికి అస్పష్టత ఏమీ లేదు. నాణ్యమైన హెల్మెట్ ద్విచక్ర వాహనదారుల్లో మరణ ముప్పును 42 శాతం, తల గాయాల ముప్పును 69 శాతం తగ్గిస్తుందని 2008 నాటి కొక్రేన్ సమీక్ష తేల్చింది. 2022లో దేశంలో హెల్మెట్ లేకుండా 50,029 మంది చనిపోయారు. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. చీర కట్టుకుని పక్కకు తిరిగి కూర్చున్న మహిళలకు, మధ్యలో నిలబెట్టిన పిల్లలకు హెల్మెట్ అవసరం లేదన్న అలవాటు రాయ్‌పూర్‌లోనూ రాజమహేంద్రవరంలోనూ ఒకటే.

చట్టంలో లోటు లేదు. హెల్మెట్ లేకుంటే 1,000 రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సుపై వేటు అని 2019 సవరణ చెబుతోంది. ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ల అమ్మకాన్ని 2021 జూన్ 1 నుంచి నిషేధించారు. అయినా రోడ్డు పక్కన టోపీల్లాంటివి అమ్ముడవుతూనే ఉన్నాయి. అమలు తీరుపై ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2024లో అసంతృప్తి వ్యక్తం చేసింది. ‘హెల్మెట్ లేకుంటే పెట్రోల్ లేదు’ అన్న నినాదాన్ని రాయ్‌పూర్ బంకులు 2025లో ఎత్తుకున్నాయి. తెలుగు నగరాలకూ ఈ ప్రయోగం తెలుసు. వారం పది రోజుల హడావుడి తర్వాత హెల్మెట్ మళ్లీ బైకు అద్దానికి చేరుతుంది, లేదా బంకు దగ్గర పక్కవాడి నుంచి చేతులు మారుతుంది.

వియత్నాం మరో దారి చూపింది. 2007 డిసెంబరు 15 నుంచి అన్ని రోడ్ల మీదా, వెనుక కూర్చున్నవారితో సహా, హెల్మెట్ తప్పనిసరి చేసింది. ముందు నెలల తరబడి ప్రచారం, ఆ రోజు నుంచి దేశమంతా ఒకేసారి గట్టి అమలు. వాడకం 90 శాతం దాటింది. మొదటి మూడు నెలల్లోనే ఆస్పత్రికి వచ్చిన ప్రమాద బాధితుల్లో తల గాయాల ముప్పు 16 శాతం, మరణ ముప్పు 18 శాతం తగ్గాయి. అక్కడి ఆస్పత్రులు తల గాయాలను విడిగా లెక్కపెట్టాయి కాబట్టే చట్టం పనిచేసిందని చెప్పగలిగారు. ఇక్కడ రేపు రాయ్‌పూర్‌లో అందరూ హెల్మెట్ పెట్టుకున్నా, ఎన్ని మెదళ్లు దక్కాయో చెప్పడానికి అలాంటి లెక్క లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

చేయాల్సిన పనుల జాబితా పెద్దదే. జిల్లా ఆస్పత్రుల్లో రాత్రిపూట కూడా పనిచేసే స్కానింగ్, అంబులెన్స్ సిబ్బందికి తల గాయాలపై ప్రత్యేక శిక్షణ, డివిజన్ కేంద్రాల్లో పునరావాస విభాగాలు, వైకల్యాల జాబితాలో మెదడు గాయానికి చోటు, ఏడు రోజుల గడువుకు మినహాయింపు. వీటన్నిటికీ డబ్బు కావాలి. డబ్బు అడగాలంటే ముందు ఎంతమందికో చెప్పాలి.

అందుకు కొత్త భవనం కట్టనక్కర్లేదు. తల గాయంతో వచ్చినవారి కేస్‌షీట్‌లో గ్లాస్గో స్కోరు రాయడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. దాంతోపాటు గాయానికి కారణం, హెల్మెట్ ఉందా లేదా, ఏ ఊరు, ఎన్ని గంటల తర్వాత చేరారు అన్న నాలుగు వివరాలు ఒకే నమూనాలో కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే చాలు. మేకాహారా, డీకేఎస్, ఎయిమ్స్ మూడూ ఈ పని చేస్తే ఏడాదిలో రాష్ట్రంలోని తీవ్ర కేసుల్లో చాలా భాగం లెక్కలోకి వస్తుంది. విశాఖ కేజీహెచ్, హైదరాబాద్ నిమ్స్, వరంగల్ ఎంజీఎం తోడైతే సరిహద్దు దాటి వచ్చినవారూ తప్పిపోరు.

ఆ తర్వాత ఆరు నెలలకు ఒక్క ఫోన్. మనిషి తనంతట తాను తింటున్నాడా, పనికి వెళ్తున్నాడా, ఇంట్లో ఎవరు చూసుకుంటున్నారు? ఈ ప్రశ్నలతోనే రోగి ఏ మేరకు కోలుకున్నాడో అంచనా వేసే కొలమానం 1975 నుంచి ఉంది. ఫోన్‌లో అడిగినా సరిపోతుంది. కేశ్‌కాల్ దిగువన పడిన ఆ యువకుడు బతికాడని ఆస్పత్రి రికార్డులో ఉంటుంది. ఆ ఫోన్ చేసినవారికే అతను ఎలా బతుకుతున్నాడో తెలుస్తుంది.